టిక్కెట్టు వెనక

ముప్పై ఒక్కేళ్ళు
తెనాలి, రేపల్లె, అవనిగడ్డ రూట్లలో
నిలబడే బతికినవాణ్ణి.
రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో
కృష్ణలంకలో, కరకట్ట పక్క సందులో
మేడ మీద రెండు గదులు వేశాను.
ఇక కూర్చుని తిందామని.

సలోమి అడ్వాన్సు ఇచ్చిన రోజున
"ఒకటో తారీఖు పొద్దున్నే వచ్చెయ్యమ్మా" అన్నాను.
నోటితోనే అన్నాను.
నోటికి రసీదు ఉండదు కదా.

ఒకటో తారీఖు పొద్దున్నే వచ్చింది.
ట్రాలీ ఆటో మీద బీరువా, కుట్టుమిషను,
తిరగేసి కట్టిన మంచం,
మంచం కోళ్ళ మధ్య
గ్యాసు బండని కావలించుకుని పిల్లాడు.
పైన
పాతవాళ్ళ చీరలింకా దండెం మీద ఆరుతున్నాయి.

"ఇంకో వారం, పది రోజులమ్మా.
వాళ్ళమ్మాయికి పరీక్షలట. నేనేం చేసేది?"
ఆమె దండెం వైపు చూసింది.
తర్వాత ఆటోవాడి వైపు చూసింది.
ఆటోవాడు సెల్‌ఫోన్లో టైము చూశాడు.

పదో తారీఖున సామాను పైకెక్కింది.
పదకొండున, నైట్ డ్యూటీ దిగి
యూనిఫాం మీదే వచ్చి
నా చేతిలో ఒక కాగితం పెట్టింది.
పోయిన నెల క్యాలెండరు చింపి, దాని వెనక
మందుల చీటీలా పొందిగ్గా రాసింది:

ఆటో వెయిటింగు, ఐదొందలు.
దింపిన కూలీ, మళ్ళీ ఎక్కించిన కూలీ, ఎనిమిదొందలు.
గవర్నరుపేట లాడ్జి, రెండు రాత్రులు, పదహారొందలు.
సామానుకి షెడ్డు, రోజుకి అరవై, తొమ్మిది రోజులు.
మిగతా ఏడు రాత్రులు రాజమణి సిస్టరు ఇంట్లో. లెక్క వేయలేదు.
బీరువా అద్దం పగిలింది. మేమే సరిగ్గా కట్టలేదు.

ఒళ్ళు మండింది.
ఇల్లు నాది, మెట్లు నావి, మోటారు నాది.
అద్దెకొచ్చినవాళ్ళు ఓనరుకి బిల్లు ఇవ్వడమేంటి,
ఎక్కడైనా ఉందా?
మా భ్రమరాంబ కళ్ళజోడు పెట్టుకుని
కాగితం రెండుసార్లు చదివింది.
"అద్దం సంగతి చూశారా" అంది.
ఇంకేమీ అనకుండా బియ్యం ఏరుకోడానికి పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రద్దీ బస్సులో వంద నోటిచ్చినవాళ్ళకి
టిక్కెట్టు వెనక బాకీ రాసి
చుట్టూ సున్నా చుట్టేవాణ్ణి.
"దిగేటప్పుడు తీసుకో."
అడిగినవాళ్ళకి ఇచ్చాను, పైసాతో సహా, ఒట్టు.
అడగనివాళ్ళు ఉండేవాళ్ళు.
కునుకులోంచి ఉలిక్కిపడి లేచి దిగే మిరపకోత కూలీలు,
చంకలో బిడ్డ, నోట్లో టిక్కెట్టు, చేతిలో సంచీ ఉన్న ఆడవాళ్ళు.
నాకు గుర్తుండేది.
గుర్తుండే
తలుపు మీద చరిచి
రైట్, రైట్ అనేవాణ్ణి.

సలోమి కాగితంలో లేనిది ఒకటుంది.
ఆమెకి తెలీదు.
ఆ తొమ్మిది రోజులకీ పాతవాళ్ళ దగ్గర అద్దె పుచ్చుకున్నాను.
రెండువేల రెండొందల యాభై.
సలోమికీ ఒకటో తారీఖు నుంచే అద్దె చెప్పాను.
ఒకే సీటుకి రెండు టిక్కెట్లు కొట్టాను.
చెకింగు ఎక్కలేదు, అంతే.

పొద్దున్నే మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాను.
పిల్లాడు పగిలిన అద్దంలో
రెండు ముక్కలుగా తల దువ్వుకుంటున్నాడు.
"అద్దె పదో తారీఖు నుంచమ్మా" అన్నాను.
పాతవాళ్ళ డబ్బు సంగతి కూడా చెప్పేశాను,
గబగబా, స్టాపుల పేర్లు చదివినట్టు.
ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది.
క్షమించిందో లేదో, ఆ చూపుకి అర్థం నాకు తెలీలేదు.

కాగితం అడుగున మొత్తం వేశాను.
మూడువేల నాలుగొందల నలభై.
చెయ్యి అలవాటుకొద్దీ చుట్టూ సున్నా చుట్టింది.
ఏడు ఐదొందల నోట్లు ఇచ్చాను.

లెక్కపెట్టుకుంది.
"అరవై ఎక్కువొచ్చింది, ఉండండి."
"ఉంచమ్మా, పిల్లాడికి..."
వినలేదు.
బిస్కెట్ల డబ్బా తెరిచి
పది బిళ్ళలు, ఐదు బిళ్ళలు ఏరి
నా అరచేతిలో పోసింది,
నేను దిగకముందే.